ఇన్‌స్పెక్టరు నిరాహారం, అల్లుడుగారి జలసంగ్రామం

వినండి, తీరికా చెవులూ రెండూ ఉన్నవారందరూ వినండి! బాలభాస్కరుడు ఎదుటి మేడ మీది నల్లని నీళ్ళ ట్యాంకు చాటునుంచి సగం మొహం బయటపెట్టి, మిగతా సగం పెట్టడమా మానడమా అని తటపటాయిస్తున్న ప్రభాతవేళ, లిఫ్టు పనిచేయని ఒక భవనపు మూడో అంతస్తులో, చెప్పుల స్టాండుకూ ఇస్త్రీ బల్లకూ నడుమ, ఇనుప స్తంభ చతుష్టయం మీద కొలువుదీరిన మూడువందల లీటర్ల స్ఫటిక సరోవరంలో, ఇంతవరకు ఏ కవీ గానం చెయ్యని మహాసంగ్రామానికి శంఖం మోగింది. మోగించినది ఒక చేప. మోగించిన విధం, అన్నం మానెయ్యడం.

డిస్కస్ చేపను ఎరగనివారి కోసం ఒక్క మాట. పక్కనుంచి చూస్తే పళ్ళెం, ఎదురుగా చూస్తే గీత. కుంకుమవర్ణ దేహం మీద నీలి అలల చారలు. నీటి వేడి ఒక్క డిగ్రీ తగ్గినా అలుగుతుంది, పులుపు కాస్త మారినా అలుగుతుంది, ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే వారంరోజులు గుర్తుపెట్టుకుంటుంది. అటువంటి అభిమానధనులు ఆ సరోవరంలో ఆరుగురు. వారిలో జ్యేష్ఠుడు, వర్తులదేహుడు, నిశితవీక్షణుడు అయిన ఒకడికి, గాజు దగ్గరికొచ్చి మనుషుల్ని ఎగాదిగా చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయే అలవాటు ఉండడం వల్ల, ఇంటివాళ్ళు పెట్టుకున్న పేరు ఇన్‌స్పెక్టరు.

ఆ సరోవరాధిపతి, దంతపంక్తి నిర్మాణ ధురంధరుడు, మైనపు చిగుళ్ళ మహాశిల్పి, బోసినోళ్ళ పాలిటి కల్పవృక్షం అయిన మన కథానాయకుడు పళ్ళసెట్లు కట్టే పనివాడు. వీధి చివరి చిన్న వర్క్‌షాపులో, దంతవైద్యులు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగురు దిద్ది, పట్టకారుతో ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, నవ్వు పోగొట్టుకున్నవారికి నవ్వు చేసి పంపిస్తాడు. ఒంటరిగా చేసుకునే పని కావడంతో, ఎవరి మాటా వినకపోవడం ఆయనకు ఇరవై ఏళ్ళలో సహజ కవచమైపోయింది.

ఆ ఇంట పదకొండు నెలలుగా ఉంటున్న అత్తగారు మరో యోధురాలు. ముప్ఫై నాలుగేళ్ళు ఆసుపత్రి వార్డులను ఏకచ్ఛత్రంగా ఏలి, సూదికి బెదిరిన వస్తాదులను కంటిచూపుతో మంచం మీద పడుకోబెట్టి, రిటైరైన హెడ్ నర్సు. ఆమెకీ అల్లుడికీ మధ్య తగవు ఏనాడూ లేదు. మాట కూడా లేదు. "కాఫీ తాగారా?" "తాగానండి." "వెళ్ళొస్తానండి." "మంచిది." రోజుకు ఈ నాలుగు వాక్యాలతో ఇద్దరూ మర్యాదను నెట్టుకొస్తున్నారు. కెమిస్ట్రీ టీచరైన కూతురు బడికీ, అల్లుడు వర్క్‌షాపుకీ వెళ్ళాక ఆ ఇంట్లో ఆమెను పలకరించే ప్రాణి ఇన్‌స్పెక్టరు ఒక్కడే. పొద్దున్నే ఆమె కుర్చీ ట్యాంకు పక్కకు లాక్కోగానే వచ్చి ఎదురుగా నిలబడేవాడు.

ఆ రోజు రాలేదు.

"అల్లుడుగారూ," అంది ఆమె, ఐదో వాక్యం ప్రయోగించి, "ఇన్‌స్పెక్టరు ఇవాళ రౌండ్సుకి రాలేదండీ."

నోట్లో బ్రష్షుతోనే ఆయన ట్యాంకు ముందు వంగాడు. హీటరు వెనక మూలలో, బొగ్గులా నల్లబడి, తల కిందికి వాల్చి, లోకం మీద నమ్మకం పోయినవాడిలా ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. అతని వెనక ఒక తెల్లటి జిగురు దారం, జానెడు పొడుగున, వేలాడుతోంది.

"మోషన్ తెల్లగా వస్తోంది," అంది అత్తగారు. "పేగుల్లో ఏదో చేరింది. చార్టు రాసి పెట్టమంటారా?"

అప్పుడు ఆ దంతశిల్పి హృదయకుహరంలో ప్రతిజ్ఞ ఒకటి ఇట్లు ప్రతిధ్వనించెను: "ఓరీ అదృశ్య క్రిమికీటాధములారా! నా సరోవరమున, నా ఇన్‌స్పెక్టరు ఉదరమున దూరి ఉచితభోజనము సేయుచుంటిరా! సప్తదినాభ్యంతరమున మిమ్ము సకుటుంబముగా నిర్మూలింపకున్న, నా మైనము కరుగకుండుగాక! నా ప్లాస్టరు గట్టిపడకుండుగాక! ఈ యుద్ధమున నాకు సేన వలదు, సలహా వలదు, చార్టు అసలే వలదు!"

పైకి మాత్రం, నురగ మింగి, "నేను చూసుకుంటానండి," అన్నాడు.

ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

బడికి బయల్దేరుతున్న భార్య గుమ్మంలో ఆగింది. "సాయంత్రం ల్యాబు నుంచి కిట్టు తెస్తాను. ముందు నీళ్ళు టెస్టు చేద్దాం."

"నీళ్ళు అద్దంలా ఉన్నాయి, కనపడట్లేదా?"

"అమ్మోనియాకి రంగుండదండీ."

"వాసనుంటుందిగా!"

"మొన్న పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మినప్పుడు మీరు పేపరు చదువుతున్నారు," అని చెప్పి ఆమె మెట్లు దిగిపోయింది. ఈ శరాఘాతానికి కవచం మీద చిన్న గీత పడింది గాని, చీలలేదు.

చేపల షాపాయన ఎప్పుడూ తల ఎత్తడు. నలభై ట్యాంకుల బుడగల చప్పుడు మధ్య, వల కడుగుతూనే జోస్యం చెప్పినట్టు చెప్పాడు. "నల్లబడిందా? మూల పట్టిందా? తెల్లదారమా? పేగుల్లో క్రిములు సార్. కంటికి కనపడవు. ఈ మాత్రలు పొడి చేసి రోజుకోసారి, ఐదు రోజులు నీళ్ళలో కలపండి. ముందు పావువంతు పాత నీళ్ళు తీసి, నిలవపెట్టిన నీళ్ళు పొయ్యండి. వేడి మెల్లగా ముప్ఫై రెండుకి పెంచండి. ఫిల్టర్లో బొగ్గుంటే తీసెయ్యండి, మందంతా అదే తాగేస్తుంది. బుడగల రాయి ఒకటి అదనంగా వెయ్యండి. లైటు ఆపండి." అప్పుడు తల ఎత్తాడు. "ఇంకేం ముట్టుకోకండి సార్. చేపకి జబ్బు చేస్తే మనిషికి చేతులు దురద పెడతాయి. ఆ దురదే చేపల్ని చంపేది."

మహావీరుడు తలూపాడు. ఇల్లు చేరి, చెప్పినవన్నీ చెప్పినట్టే చేశాడు. వేడి పెంచాడు, బొగ్గు తీశాడు, బుడగలు వదిలాడు, బాదం ఆకులు నానబెట్టి డ్రమ్ములో నిలవ ఉంచిన లేత టీరంగు నీళ్ళు పోశాడు, మాత్రలు నూరి కలిపాడు. పని అయిపోయింది. కాని చేతులు మిగిలిపోయాయి.

అప్పుడాయన దృష్టి ఫిల్టరు మీద పడింది. దాని గర్భంలో గోధుమరంగు బురదతో, జిడ్డుతో, వర్ణించడానికి ఈ కవికే మనసొప్పని మడ్డితో నిండిన మూడు స్పాంజీలు! "ఇదా శత్రుశిబిరం!" అని భ్రుకుటి ముడిచి, ఆ మూడింటినీ జుట్టుపట్టి ఈడ్చినట్టు వంటింటి సింకులోకి ఈడ్చి, కుళాయిని ఉద్ధృతంగా విప్పి, పిండి, నలిపి, తిప్పి, మళ్ళీ పిండి, పళ్ళసెట్లు మెరుగుపెట్టే చేతుల నైపుణ్యమంతా వినియోగించి, పాలనురగలా తెల్లబడేదాకా వదలలేదు.

అయ్యో! ఆ సింకు గొట్టంలోంచి ఆర్తనాదాలు చెయ్యకుండా జారిపోయింది శత్రువులు కారు. చేపలు విసర్జించే విషాన్ని, అదే అమ్మోనియాని, అహోరాత్రాలు భుజించి, జీతం బత్తెం అడగకుండా ఆ సరోవరాన్ని కాపాడుతున్న కోటానుకోట్ల సూక్ష్మజీవులు, ఆయన సొంత సైన్యం! కుళాయి నీటి క్లోరిన్ వాతపడి ఆ సేన సమస్తం నశించింది. స్వహస్తాలతో స్వసేనను ఊచకోత కోసిన మన వీరుడు చేతులు తుడుచుకుని, ఈలవేస్తూ వర్క్‌షాపుకు వెళ్ళిపోయాడు.

భార్య ఆ సాయంత్రం కిట్టు తెస్తే, "నీ పిల్లల పరీక్షలకి దాచుకో," అన్నాడు. అత్తగారు కాగితం, పెన్సిలు పట్టుకుని ఒకసారి అటూ ఇటూ తిరిగి, వాటిని తన పెట్టెలో పెట్టేసుకుంది.

మూడో రోజు సాయంత్రం ఐదున్నర. తన తాళంచెవితో తలుపు తీసి అల్లుడు లోపలికొచ్చేసరికి అత్తగారు ట్యాంకు పక్కన నిలబడి ఉంది. కూర్చోలేదు. అది చూడగానే ఆయన చెప్పులు విప్పకుండానే ట్యాంకు దగ్గరికి పరుగెత్తాడు.

ఇన్‌స్పెక్టరు ఒక్కడే కాదు. మిగతా ఐదుగురూ రెక్కలు ముడుచుకుని, నీటిపైకి తేలి, మొప్పలు టపటపా కొట్టుకుంటూ నోళ్ళు తెరుస్తున్నారు.

"మధ్యాహ్నం నుంచీ ఇదే," అంది ఆమె. "మీ వర్క్‌షాపుకి రెండుసార్లు ఫోన్ చేశాను."

మెరుగుపెట్టే మోటారు గోలలో ఆయనకు ఫోను వినపడలేదు.  డ్రమ్ము చూస్తే అడుగు కనిపిస్తోంది, పొద్దున్నే ఖాళీ చేశాడు. మరుక్షణం పొడవాటి రబ్బరు గొట్టాన్ని మహాసర్పంలా భుజాన వేసుకుని, ఒక కొన కుళాయికి తగిలించి, రెండో కొన ట్యాంకులో దించి, కుళాయి చెవి మీద చెయ్యి వేశాడు.

"ఆగండి!"

గుమ్మంలో భార్య. భుజాన పుస్తకాల సంచీ, మూడంతస్తుల ఆయాసం, వేలు మాత్రం అల్లెత్రాడు మీది బాణంలా కుళాయి వైపు సూటిగా ఉంది.

"కుళాయి విప్పారంటే ఆరూ పోతాయి. చెయ్యి తియ్యండి."

ఆయన చెయ్యి తీశాడు. పదహారేళ్ళ కాపురంలో, ఒక్కమాటకే తీయడం అదే మొదటిసారి.

ఆమె సంచీలోంచి కిట్టు తీసింది. బడికి తిరిగి తీసుకుపోలేదన్నమాట. చిన్న గాజుగొట్టంలో ట్యాంకు నీళ్ళు పట్టి, చుక్కలు వేసి ఊపింది. పసుప్పచ్చగా ఉండాల్సిన నీరు చూస్తుండగానే ఆకుపచ్చగా, చిక్కటి ఆకుపచ్చగా మారింది.

"అమ్మోనియా. ఇంత ఎప్పుడూ లేదే! ఫిల్టరు ముట్టుకున్నారా?"

ఆయన గొట్టాన్ని చుట్టడం మొదలుపెట్టాడు. 

"కడిగాను."

"దేంతో?"

"కుళాయితో."

"ఎంతసేపు?" అంది అత్తగారు, నర్సు గొంతుతో.

"...తెల్లబడేదాకా."

తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. తిట్టి ఉంటే ఆయనకు కొంచెం తేలిగ్గా ఉండేది.

"సరే, వినండి," అంది భార్య, క్లాసులో వెనక బెంచీకి చెప్పినట్టు. "ట్యాంకు నీళ్ళలో కాస్త పులుపుంది. పులుపున్నంతసేపూ అమ్మోనియా చాలావరకు బోసినోటితో ఉంటుంది, గట్టిగా కరవలేదు. మన కుళాయి నీళ్ళు క్షారం. అవి ధారగా పోశారనుకోండి, ఆ బోసినోటికి మీరు పైసెట్టూ కిందిసెట్టూ కట్టి ఇచ్చినట్టే. అర్థమైందా?"

ఇంతకన్నా స్పష్టంగా రసాయనశాస్త్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"అయితే ఏం చేద్దాం?" అన్నాడు. ఆ 'చేద్దాం' అన్న మాటలో కవచం ఊడి చప్పుడు లేకుండా చాప మీద పడింది. "అత్తయ్యగారూ, మీరు కూడా ఉండండి. నాకు ఒక్కడికీ చేతకాదు."

ఆమె అప్పటికే చీర కొంగు నడుముకు దోపుకుంది.

ఆహా, ఆ సాయంసంధ్యా సమరాన్ని ఏమని వర్ణించేది! వంటింటి మంచినీళ్ళ యంత్రం నుంచి సన్నని ధారగా కారే, లవణాలు వడకట్టిన మెత్తని నీరు గిన్నెల్లో, చెంబుల్లో, కుక్కర్లో, చివరికి కేకు అచ్చులో కూడా చేరి బారులు తీరింది. భార్య దాంట్లో క్లోరిన్ విరిచిన కుళాయి నీళ్ళు కొంచెం, బాదం ఆకుల కషాయం కొంచెం కలిపి, చుక్కలు వేసి రంగు చూసి, ట్యాంకు నీటికి సరితూగితేనే "ఊఁ" అంటోంది. అత్తగారు కెటిల్‌లో కాచిన నీళ్ళు అందులో కలిపి, థర్మామీటరు ముంచి, కళ్ళజోడు నుదుటికి ఎక్కించి, "ముప్ఫై ఒకటిన్నర. ఇంకో అరగ్లాసు," అంటోంది. అప్పుడు మాత్రమే మన వీరుడు, నాజూకు పనికి పుట్టిన చేతులతో, కప్పు తర్వాత కప్పు, గాజు గోడ వెంట అల పుట్టకుండా జారవిడుస్తున్నాడు. మధ్యలో ఆయన తొందరపడితే అత్తగారి ఒక్క చూపు చాలింది. భోజనాల వేళకు చిక్కటి ఆకుపచ్చ లేత ఆకుపచ్చ అయింది. చేపలు ఒక్కొక్కటే పైనుంచి నడిమికి దిగాయి. ఆ రోజు ఆ ఇంట్లో గిన్నెలేవీ మిగలక ముగ్గురూ రొట్టె తిన్నారు. అత్తగారు అంచులు తీసేసి, మధ్యది పాలల్లో ముంచుకుని తింది.

మర్నాడు భార్య బడి ల్యాబులో ఏడాదిగా జబ్బెరగని గప్పీ చేపల ట్యాంకు నుంచి, కొత్త సూక్ష్మసేనతో కిక్కిరిసిన మురికి స్పాంజి ఒకటి, తడి ఆరకుండా డబ్బాలో పెట్టి, పట్టపురాణిని పల్లకిలో తెచ్చినట్టు తెచ్చింది. "దీన్ని ముట్టుకుంటే విడాకులే," అంది. ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

ట్యాంకుకు క్లిప్పుతో అత్తగారి చార్టు వేలాడింది. టైము, వేడి, మందు, నీళ్ళు, మోషన్ రంగు. ప్రతి గడి పక్కనా అల్లుడి సంతకం. "పొద్దుటి సంతకం మర్చిపోయారు అల్లుడుగారూ," అని ఆమె వర్క్‌షాపుకు ఫోన్ చేస్తే, ఆయన నోరు మెదపకుండా వచ్చి సంతకం పెట్టి వెళ్ళేవాడు. మందు ఐదు రోజులూ పూర్తయింది. అమ్మోనియా పసుపుకు దిగింది. ఐదుగురు తిన్నారు. ఇన్‌స్పెక్టరు తినలేదు. తెల్లదారం ఆగింది గాని, తినని కడుపు నుంచి ఆరోగ్యానికి గుర్తైన నల్లదీ రాలేదు. నుదుటి మీద కండ కరిగి, పళ్ళెం అంచు కత్తిలా పలచనైంది.

"మందు పని చేసింది సార్. ఇక తినాలి. తినకపోతే మనం చేసేదేం లేదు," అన్నాడు షాపాయన ఫోనులో.

తొమ్మిదో రోజు ఆదివారం. ఆయన వర్క్‌షాపు నుంచి మైనం చెక్కే సన్నకత్తి తెచ్చి, ఎర్ర పురుగుల మేత గడ్డను ఆవగింజలంత ముక్కలుగా కోసి, పన్ను నిలబెట్టే పట్టకారు కొసన ఒక్క ముక్క పట్టుకుని, ఇన్‌స్పెక్టరు మూతి ముందు ఉంచాడు. చెయ్యి వణకలేదు. పది నిమిషాలు. ఇన్‌స్పెక్టరు మొహం తిప్పుకున్నాడు.

"అలా మొహంలో మొహం పెట్టి చూస్తూ కూర్చుంటే ఏ రోగి తింటాడండీ?" అంది అత్తగారు. "అక్కడ వదిలేసి ఇటు తిరగండి. వార్డులో మేము అదే చేసేవాళ్ళం."

ఆ ముక్కతో పాటు మరికొన్ని వదిలి, ఆయన ట్యాంకుకు వీపు తిప్పి ఆమె పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఇద్దరూ చెప్పుల స్టాండు వైపు చూస్తూ కూర్చున్నారు. ఏదో ఒకటి మాట్లాడాలి.

"వార్డులో అందరూ చివరికి తినేవాళ్ళా అండీ?"

"చాలామంది. కొందరికి జబ్బు తగ్గినా, అడగడానికి మొహమాటం. ఉప్పు ఎక్కువైందనో, గట్టిగా ఉందనో చెప్పరు. పళ్ళెం పక్కకి జరిపేస్తారు."

ఆయనకు రొట్టె అంచులు గుర్తొచ్చాయి. పదకొండు నెలలుగా ఆమె పళ్ళెం అంచున మిగిలిపోతున్నవన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. ఊళ్ళో అందరి నోళ్ళూ అచ్చు తెలిసినవాడు, ఎదురుగా కూర్చున్న మనిషి నవ్వేటప్పుడు చెయ్యి ఎందుకు అడ్డం పెట్టుకుంటుందో ఒక్కసారీ చూడలేదు.

"అత్తయ్యగారూ, మీ పైసెట్టు వదులైందా?"

ఆమె చెప్పులనే చూస్తూ చెప్పింది. "ఏడాది దాటింది. జారుతూనే ఉంటుంది. గట్టివి నమలలేను."

"మరి నాకు చెప్పరేమండీ? నేను చేసే పనే అది కదా!"

"అల్లుడి ముందు నోట్లోంచి పళ్ళు తీసి ఎలా చూపించనూ? మీరు చూస్తే 'నేను చూసుకుంటాను' తప్ప ఇంకో మాట ఎరగరు. పలకరించేది ఆ చేప ఒక్కటే. దానికి చెప్పాను ఒకటి రెండుసార్లు."

గొప్ప గొప్ప అస్త్రాలకు చీలనివాడు అక్కడ చీలిపోయాడు. "రేపు పొద్దున్నే అచ్చు తీస్తాను," అన్నాడు, నేల చూస్తూ. "ఇంట్లోనే. తలుపు వేసుకుందాం. మీకు నొప్పి పుట్టిస్తే నన్ను తిట్టండి."

"తిడతాను నాయనా," అంది ఆమె.

'అల్లుడుగారూ' కాదు. నాయనా.

అదే క్షణాన వంటింటి గుమ్మంలోంచి భార్య గుసగుస వినపడింది. "కదలకండి. ఇద్దరూ తిరక్కండి. తిన్నాడు. ఉమ్మేశాడు. మళ్ళీ తిన్నాడు!"

ఇద్దరూ మెడలు బిగబట్టుకుని, నవ్వు ఆపుకుంటూ, చెప్పుల స్టాండునే చూశారు. ఎనిమిది ముక్కలు లెక్కపెట్టింది భార్య. 

ఇక వినండి విజయఘట్టం! మరునాటి ఉదయం, మొహం పూర్తిగా బయటపెట్టిన సూర్యుడి సాక్షిగా, అచ్చు తీయడానికి కలిపిన గులాబీరంగు ముద్ద గిన్నెలో గట్టిపడిపోతున్నా ఎవరూ పట్టించుకోని ఆ శుభ ముహూర్తాన, కుంకుమవర్ణం తిరిగొచ్చిన ఇన్‌స్పెక్టరు సరోవర మధ్యానికి గంభీరంగా తరలివచ్చి, రెక్కలు విప్పి, ఒక్క క్షణం ఆలోచించి, కందిగింజలో సగమైనా లేని, దారం కాని, జిగురు కాని, నల్లని, గట్టి, పరిపూర్ణమైన ఒకే ఒక్క మలాన్ని విసర్జించాడు! అది మెల్లగా, మహా ఠీవిగా దిగివచ్చి గాజు అడుగున నిలిచింది. జయము! జయము! క్రిమిసంహారకులకు జయము! త్రివీర సంయుక్త సేనకు జయము!

అత్తగారు చార్టులో 'మోషన్: నలుపు' అని రాసి, కింద రెండు గీతలు కొట్టింది. అల్లుడు సంతకం పెట్టాడు. అలవాటుగా ట్యాంకు శుభ్రం చేసే సన్నగొట్టం తీసి, దాన్ని పీల్చెయ్యడానికి వంగింది భార్య.

"కాసేపు ఉండనివ్వవే," అంది అత్తగారు, కుర్చీ ముందుకు లాక్కుంటూ. "చూసుకోనీ."